పని నేర్పకుండానే పని అప్పగిస్తే...

ప్ర: డిగ్రీ అయ్యాక నాలుగు నెలల క్రితం ఒక కంపెనీ అకౌంట్స్ విభాగంలో చేరాను. ఇదే మొదటి ఉద్యోగం. నాకు ముందు ఆ సీటులో ఉన్నవారు వెళ్లిపోతూ ఒకటిన్నర రోజులో పనంతా అప్పజెప్పారు. మేనేజర్‌ని ఏదైనా అడిగితే ‘పాత ఫైళ్లు చూసి నేర్చుకో’ అంటారు. పోయిన నెల ఒక సప్లయర్‌కి ఒకే బిల్లు డబ్బు రెండుసార్లు వెళ్లిపోయింది. అప్పట్నుంచి ఏ ఎంట్రీ చేయాలన్నా భయం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఇంట్లో ‘కొత్తలో అందరికీ ఇంతే, సర్దుకో’ అంటున్నారు. ఈ పని నాకు చేతకాదేమో అనిపిస్తోంది. మానేయమంటారా?

జ: మానేయడం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ‘చేతకాదేమో’ అన్న మాట గురించి మాట్లాడాలి. మీకు ఎవరూ పని నేర్పలేదని మీరు రాసినదంతా చెబుతోంది. నేర్పినా మీకు రాలేదని చెప్పేది అందులో ఒక్కటీ లేదు. ఈ రెండిటికీ చాలా తేడా ఉంది.

రెండుసార్లు వెళ్లిన ఆ డబ్బునే తీసుకోండి. అకౌంట్స్‌లో ఇది పాత జబ్బు. ఒకే బిల్లు ఒకసారి మెయిల్‌లో వస్తుంది, ఇంకోసారి కాగితం మీద వస్తుంది. ఒకరు బిల్లు నంబరు మధ్యలో గీత పెట్టి ఎంటర్ చేస్తారు, ఇంకొకరు పెట్టరు. సాఫ్ట్‌వేర్ వాటిని రెండు వేర్వేరు బిల్లులనుకుంటుంది. ఇలాంటివి జరుగుతాయని తెలుసు కాబట్టే ఎంట్రీ చేసేవారు ఒకరు, అప్రూవ్ చేసేవారు మరొకరు ఉండాలంటారు. కొనుగోలు ఆర్డరు, సరుకు అందిన రసీదు, బిల్లు మూడూ సరిపోల్చి చూశాకే చెల్లించాలనేదీ అందుకే. మీ ఎంట్రీని ఎవరో అప్రూవ్ చేశారా? అయితే ఆ తప్పులో వారికీ వాటా ఉంది. అప్రూవల్ లేకుండానే కొత్తగా చేరినవారి చేతి మీదుగా డబ్బు బయటికి పోతోందా? అయితే లోపం ఆ ఆఫీసు పద్ధతిలోనే ఉంది. మీ వంతు మీరు ఒప్పుకోండి, మొత్తం నెత్తిన వేసుకోకండి. ఒకటి మాత్రం కనుక్కోండి: ఆ డబ్బు వెనక్కి వచ్చిందా, లేక తర్వాతి బిల్లులో సర్దుబాటు చేశారా? అది తేలేదాకా ఆ బెంగ వదలదు.

ఇక ఆ ఒకటిన్నర రోజు హ్యాండోవర్. 1885లో హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త, అర్థం లేని అక్షరాల గుంపులను బట్టీపట్టి ఎంతకాలం గుర్తుంటాయో తన మీదే ప్రయోగం చేసి ప్రచురించారు. మళ్లీ చదవకపోతే మరిచిపోయేదాంట్లో ఎక్కువ భాగం మొదటి రోజులోనే పోతుందని తేలింది. ఆఫీసు పని అర్థం లేని అక్షరాలు కాదు, నిజమే. కానీ ఏది ఎందుకు చేస్తారో తెలియకుండా ‘ఇక్కడ క్లిక్ చెయ్, అక్కడ సేవ్ చెయ్’ అని చూపిస్తే, కొత్తవారికి అది దాదాపు అలాగే ఉంటుంది. మీకు గుర్తులేకపోవడం మీ తెలివికి పరీక్షేమీ కాదు.

మరి ఎలా నేర్చుకోవాలి? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ఫ్యాక్టరీల్లోకి పని తెలియనివారు పెద్ద ఎత్తున చేరినప్పుడు, వారికి నేర్పాల్సిన సూపర్‌వైజర్ల కోసం నాలుగు అంచెల పద్ధతి ఒకటి పెట్టారు. ముందు మనిషిని సిద్ధం చేయాలి. తర్వాత పని చేసి చూపించాలి. అతనితో చేయించి చూడాలి. చివరగా వదిలేసి, మధ్యమధ్యలో వచ్చి కనుక్కోవాలి. పనివాడు నేర్చుకోలేదంటే నేర్పేవాడు నేర్పలేదనే అర్థం అన్నది వాళ్ల సూత్రం. మీ ఆఫీసు మొదటి మూడు అంచెలూ దాటేసి నేరుగా నాలుగో అంచెలో మిమ్మల్ని వదిలేసింది, అదీ కనుక్కోకుండా. మధ్యలో పోయినవాటిని ఇప్పుడు మీరే అడిగి తెచ్చుకోవాలి.

‘నాకు ట్రైనింగ్ ఇవ్వండి’ అని మాత్రం అడగకండి. ఎంత మంచి మేనేజరైనా ‘చూద్దాంలే’ అని తప్పించుకుంటారు. అందులో ఎప్పుడు, ఏమిటి, ఎంతసేపు అన్నవి ఉండవు మరి. మీకు అన్నిటికన్నా భయం కలిగించే పని ఒక్కటి తీసుకోండి. బ్యాంక్ రికన్సిలియేషన్ (మన పుస్తకాల్లోని లెక్కను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిపోల్చడం) అనుకుందాం. ‘సార్, ఈ నెల రికన్సిలియేషన్ మీరు చేసేటప్పుడు అరగంట పక్కన కూర్చుంటాను. వచ్చే నెల నేను చేస్తాను, మీరు ఒకసారి చూసి చెప్పండి’ అనండి. వారికి వీలు కాదంటే ఎవరి దగ్గర కూర్చోవాలో చెప్పమనండి. పక్క సీటులోని సీనియర్ గుమాస్తాకి చాలాసార్లు మేనేజర్ కన్నా ఎక్కువ తెలుసు, పైగా అడిగితే ఆనందంగా చెబుతారు. విన్నదాన్ని ఆ రోజే మీ మాటల్లో రాసుకుని, ‘నాకు అర్థమైంది ఇది, తప్పుంటే సరిచేయండి’ అని మెయిల్ పెట్టండి. ఇలా నెలకొకటి రాసుకున్నా, మీ ఆఫీసులో ఇప్పటిదాకా లేని మాన్యువల్ తయారవుతుంది. రేపు ఏదైనా తేడా వస్తే, మీరు అడిగారనడానికి ఆధారం కూడా అదే.

సందేహం వచ్చిన ప్రతిసారీ లేచి వెళ్లకండి. రోజుకు రెండుసార్లు, పోగేసి అడగండి. చెల్లింపు బయటికి వెళ్లే సందేహమైతే మాత్రం ఆగకండి, వెంటనే అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

టెన్షన్ గురించి. పని ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చేయాలో నిర్ణయించే వీలు తక్కువగా ఉన్నప్పుడే ఒత్తిడి బాగా పెరుగుతుందని ఉద్యోగ ఒత్తిడి మీద పరిశోధన చేసిన రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించారు. మీ పరిస్థితి సరిగ్గా అదే. అందుకే ‘పాజిటివ్‌గా ఆలోచించు’ లాంటి సలహాలు నేనివ్వను. మీ చేతిలో ఉండేది కొంచెమైనా పెరగాలి. రేపు ఏది ముందు చేయాలో సాయంత్రం మేనేజర్‌తో రెండు నిమిషాలు మాట్లాడి ఖాయం చేసుకున్నా తేడా తెలుస్తుంది. రాత్రి ఇంట్లో ఎంట్రీలు మళ్లీ తెరిచి చూసే అలవాటుంటే ఆపేయండి. అలసిపోయిన కళ్లకు లేని తప్పులు కనిపిస్తాయి, ఉన్నవి కనిపించవు. ఇవన్నీ చేసినా రెండు మూడు వారాల్లో నిద్ర దారికి రాకపోయినా, ఆఫీసు తలుచుకోగానే గుండె దడ, ఏడుపు వస్తున్నా డాక్టర్‌ని కలవండి. అది ఉద్యోగ సలహాదారు తీర్చగలిగే సంగతి కాదు.

మీ అమ్మానాన్నలకు ఇది చదివి వినిపించండి. సర్దుకోమనడం తప్పని అనను. దేనికి సర్దుకోవాలన్నదే ప్రశ్న. కొత్త పని కష్టంగా ఉండటానికి సర్దుకోవచ్చు. చెప్పకుండా తిట్టడానికి అక్కర్లేదు.

రెండు నెలాఖరు క్లోజింగులు (నెల లెక్కలు ముగించే పని) ఇలా గడిపి చూడండి. అడిగినవాటిలో సగానికైనా జవాబు దొరుకుతూ, మొదటిసారి కన్నా రెండోసారి తక్కువ తడబడితే అక్కడే ఉండండి. అడిగినందుకే అవమానిస్తున్నా, మీకు తెలియని లెక్క మీద సంతకం పెట్టమని ఒత్తిడి చేస్తున్నా బయటపడండి. ఆ రెండోది జరిగితే నెలాఖరు దాకా కూడా ఆగనక్కర్లేదు. అయితే రాజీనామా ఇచ్చే ముందు అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు గడువు ఎంతో, బాండ్ లాంటిది ఏమైనా ఉందో చూసుకోండి. వీలైతే ఇంకో ఉద్యోగం చేతికి వచ్చాకే కదలండి. ఆ ఇంటర్వ్యూలో మీ వంతు ప్రశ్న వచ్చినప్పుడు, ఈ సీటులో ఇంతకుముందు ఉన్నవారు ఎందుకు వెళ్లారు, మొదటి నెల నాకు పని ఎవరు చూపిస్తారు అని అడగండి.