పాపకు పేరు పెట్టే ముందు: మేనత్త లేఖ

హనుమకొండ

చి. మేనల్లుడికి, చి.సౌ. కోడలికి మీ అత్తమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీరు ఫోనులో పంపిన పేర్ల జాబితా చదివాను. పాపది హస్తా నక్షత్రం మూడో పాదమనీ, ఆ పాదానికి 'ణ' వచ్చిందనీ పంతులుగారు చెప్పినందుకు ణైరా, ణిత్విక, ణవిశ్రీ అంటూ పేజీ నిండా వెతికి పెట్టారు. నీకు అక్కచెల్లెళ్లు లేరు కనుక తొట్టెల నాడు పేరు పిలిచే వరుస నాకే వచ్చింది. పైగా ఉద్యోగకాలమంతా బడి ప్రవేశ పుస్తకాల్లోనూ, పదో తరగతి నామినల్ రోల్స్‌లోనూ పిల్లల పేర్లు రాసినదాన్ని కనుక ఈ విషయంలో నాకు కొంచెం చాదస్తం ఉంది. ఓపికగా చదవండి.

హస్త నాలుగు పాదాలకు పూ, ష, ణ, ఠ అని చెబుతారు. ణకారంతో మొదలయ్యే పేరు మన వాడుకలో దొరకదని పంతుళ్లకూ తెలుసు. అందుకే అలాంటి చోట నక్షత్రనామాన్ని పూజకు, సంకల్పానికి ఉంచి పిలుపుకు వేరే పేరు పెట్టమంటారు, లేదా అదే నక్షత్రంలోని మరో పాదం అక్షరం తీసుకోమంటారు. మీరు అడగలేదు కనుక ఆయన చెప్పి ఉండరు. అయినా మీరు ఇంత శ్రమపడి తెచ్చిన ణకారం ఇంగ్లీషులో రాయగానే మామూలు 'ఎన్' అయిపోతుంది. ఊళ్లో మీ అమ్మ నోట అది ఎలాగూ 'న'యే.

అరుదైన పేరు వద్దని నేను అనను. మన వైపు పాత పేర్లు పొరుగు ప్రాంతం వారికి వింతగానే తోచేవి. ఐలోని మల్లన్న మొక్కుతో పుట్టినవారు ఐలయ్య, ఐలమ్మ; కొమురవెల్లి మొక్కుతో కొమురయ్య, కొమురవ్వ; వేములవాడ రాజన్న పేరున రాజయ్య, రాజవ్వ; మేడారం తల్లుల పేరున సమ్మయ్య, సారక్క. పేరు వినగానే ఆ ఇంటి ఇలవేల్పు ఎవరో, ఏ జాతరకు బండి కట్టేవారో తెలిసేది. పట్నం కాలేజీలో ఈ పేర్లు చెప్పుకోవడానికి మొహమాటపడి మార్చుకున్నవారిని నేను ఎరుగుదును. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరే పెట్టారు.

అయితే తల్లిదండ్రుల ప్రేమే పిల్లలకు బరువైన సందర్భాలూ ఉన్నాయి. వరుసగా పిల్లలు దక్కని ఇళ్లలో, ఈ బిడ్డనైనా దిష్టి తగలకుండా కాపాడుకోవాలని పెంటకుప్ప మీద పొర్లించి పెంటయ్య అనో పెంటమ్మ అనో పేరు పెట్టేవారు. ఆ పేరు వెనుక ఎంత దుఃఖం ఉందో తరగతిలోని పిల్లలకు ఏం తెలుస్తుంది? అలాంటి పేరున్న ఒక పిల్లవాడు, నేను హాజరు పుస్తకం తెరిచి అతని పేరులో మొదటి అక్షరం పలకగానే, మిగిలినది ఎవరికీ వినబడకుండా 'ప్రెజెంట్ టీచర్' అని గట్టిగా అరిచేసేవాడు. ఏడాది పొడుగునా అదే పద్ధతి. ఆ తరువాత అతన్ని ఇంటిపేరుతోనే పిలిచాను.

సరదాకు పెట్టిన పేరుదీ అదే కథ. 2008లో న్యూజిలాండ్‌లో ఒక తొమ్మిదేళ్ల పాపకు తల్లిదండ్రులు 'టలులా డస్ ద హులా ఫ్రమ్ హవాయి' అని, అంటే ఒక పూర్తి వాక్యాన్నే, పేరుగా పెట్టారని బయటపడింది. ఆ పాప సిగ్గుతో స్నేహితులకు అసలు పేరే చెప్పలేదు. చివరకు న్యాయస్థానం ఆ పాపను తన సంరక్షణలోకి తీసుకుని పేరు మార్పించింది. మన దగ్గర న్యాయమూర్తి దాకా పోకుండానే ఊరు ఆ పని చేసిపెడుతుంది: లక్ష్మి లచ్చవ్వ అయినట్లు ఎంతటి పేరునైనా నాలుకకు తగ్గట్టు చెక్కుకుంటుంది. మన కాళోజీ పూర్తి పేరు రఘువీర్ నారాయణ్ లక్ష్మీకాంత్ శ్రీనివాసరావు రామరాజ కాళోజీ. జనం ఆయనను కాళన్న అన్నారు, అంతే. కానీ దరఖాస్తు ఫారానికి ఆ చనువు ఉండదు.

ఇక నేను గట్టిగా చెప్పదలచినది స్పెల్లింగు గురించి. అరుదైన పేరు పెట్టండి గాని అరుదైన స్పెల్లింగు పెట్టకండి. సంఖ్యాశాస్త్రం చెప్పిందని ఒక 'ఏ' ఎక్కువగానో, చివర ఒక 'హెచ్' అదనంగానో చేర్చిన పేరు జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఒకలా, బడిలో గుమాస్తా చేతిలో మరొకలా పడుతుంది. పదో తరగతి మెమో అచ్చయ్యాక గాని ఆ తేడా ఎవరి కంటా పడదు. అప్పుడు అఫిడవిట్లు, పత్రికా ప్రకటనలు, గెజెట్ అంటూ తండ్రి సెలవులన్నీ అక్కడే కరిగిపోతాయి. 2023 అక్టోబరు 1న గాని ఆ తరువాత గాని పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు డ్రైవింగ్ లైసెన్సు, వివాహ నమోదు దాకా పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు జనన ధ్రువపత్రమే ఆధారమని చట్టాన్ని సవరించారు. కనుక మీ పాప విషయంలో ఆ ఒక్క కాగితమే మిగిలిన కాగితాలన్నిటికీ వేరు.

తొందరపడవలసిన పని కూడా లేదు. 1969 నాటి చట్టం ప్రకారం 21 రోజుల్లోగా జననం నమోదు కావాలి గాని పేరు గడి ఖాళీగా ఉండవచ్చు. ఏడాదిలోగా పేరును రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు; ఆలస్య రుసుముతో పదిహేనేళ్ల దాకా గడువు ఉంది. అలాగని మీరిద్దరూ పంతానికి పోయి వదిలేయకండి. కేరళలో తల్లిదండ్రులు చెరో పేరు పట్టుకుని కూర్చోగా, పేరు లేని ధ్రువపత్రంతో బడిలో చేర్చుకోక, 2023లో అక్కడి హైకోర్టే ఆ పాపకు పేరు పెట్టవలసి వచ్చింది.

ఇంటిపేరు కూడా పూర్తిగా రాయించండి, ఒక్క పొడి అక్షరంతో సరిపెట్టకండి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, సొంతపేరుకు వేర్వేరు గడులుంటాయి. ఒంటిపేరుతో పాస్‌పోర్టు తీసుకున్నవారికి అమెరికా వీసాలో సొంతపేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' అని, అంటే మొదటి పేరు తెలియదని, అచ్చవుతుంది. మన ఓరుగల్లు పిల్లలు ఎంతమంది ఆ దేశం పోతున్నారో మీకు నేను చెప్పనక్కరలేదు.

నా మాట అడిగితే 'పూ'తో పూర్ణ బాగుంటుంది: నక్షత్రానికి సరిపోతుంది, మీ అమ్మ నోరు తిరుగుతుంది, తరగతిలో ఎవరూ నవ్వరు. కోడలికి ఇంకా అరుదైనది కావాలనిపిస్తే నాకు అభ్యంతరం లేదు. వాకిట్లో నిలబడి నాలుగుసార్లు గట్టిగా పిలిచి చూసి మరీ ఖాయం చేయమనండి. ఏ పేరైనా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఒక తెల్లకాగితం మీద రాసి ఉంచండి. పూర్ణే అయితే ఇంగ్లీషులో 'యు' ఒకటా, 'ఓ'లు రెండా అన్నది మీరిద్దరూ ముందే తేల్చుకోండి. తొట్టెల మరునాడు ఆ కాగితం పట్టుకుని మీసేవకు వెళదాం, నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్తమ్మ