మీ నాన్న టాటామొబైల్ విప్పే ముందు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. కొట్టం పక్కన, వెనక సరకు తొట్టి నిండా మామిడి ఆకులతో, నాలుగు టైర్లూ నేలకు అంటుకుపోయిన ఆ టాటామొబైల్ పికప్ బండిని పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది. 1992లో మీ నాన్న దాన్ని ఇంటికి తెచ్చిన రోజు నేను పక్క సీట్లో కూర్చుని వచ్చాను. ఇరవై ఏళ్లు నూజివీడు తోటల కాయ విజయవాడకు మోసింది. దాన్ని తూకానికి అమ్మకుండా బాగు చేయించుకుంటానని నువ్వు రాయడం నాకు ఎంత సంతోషమో మాటల్లో చెప్పలేను.

అయితే నీ ఉత్తరంలో ఒక మాట నన్ను భయపెట్టింది. దసరా సెలవుల్లో బండి మొత్తం విప్పేసి, సంక్రాంతికి కొత్తదానిలా బిగిస్తానన్నావు. ఆ పని చేయకు. ఆటోనగర్‌లో ముప్పై అయిదేళ్లు పని చేశాను. ఇంజన్ పాడై చచ్చిపోయిన బండ్ల కన్నా, ఇష్టంగా విప్పి మళ్లీ బిగించలేక చచ్చిపోయిన బండ్లనే ఎక్కువ చూశాను. క్యాబిన్ ఒక మూల, గేర్‌బాక్సు ఒక మూల, బోల్టులన్నీ ఒకే గోనెసంచిలో. అంతలో ఇంట్లో పెళ్లి వస్తుంది, లేకపోతే చేతిలో డబ్బు అయిపోతుంది, లేకపోతే వానలు పడతాయి. రెండేళ్ల తర్వాత ఏ బోల్టు ఎక్కడిదో విప్పినవాడికే గుర్తుండదు.

అందుకని నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లందరికీ చెప్పినదే నీకూ చెబుతున్నాను. ఎప్పుడు పని మొదలుపెట్టినా, ఆ విడత పని ముగిసేసరికి బండి తన చక్రాల మీద తాను నిలబడి ఉండాలి. బ్రేకులు విప్పితే బ్రేకులు పూర్తిగా బిగించాకే ఇంకో దాని మీద చెయ్యి వెయ్యి. ఇలా చేస్తే ఏడాదిన్నర పట్టవచ్చు. పట్టనీ.

పానా పట్టుకునే ముందు కాగితాలు చూడు. ఆర్‌సీ ఇంకా మీ నాన్న పేరు మీదే ఉంటుంది. యజమాని పోయాక వారసుల పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. గడువు ఎప్పుడో దాటింది కాబట్టి జరిమానా కట్టాల్సి వస్తుంది. కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ రద్దు కాలేదని నిర్ధారించుకో, పన్నులు, చలానాలు ఏమైనా మిగిలాయేమో చూడు. సరకు రవాణా బండి కనుక ఏటా ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన బండ్ల రుసుములు బాగా పెరిగాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ పొడిగింపే 600 నుంచి 5,000 రూపాయలకు చేరింది. ఆ తర్వాత కూడా మార్పులు వచ్చాయి కనుక రవాణా కార్యాలయానికి స్వయంగా వెళ్లి, ఈ బండికి ఇవాళ్టి లెక్క ఎంతో రాయించుకుని రా. ఆ మొత్తం నీ బడ్జెట్‌లో మొదటి పద్దు. ఛాసిస్, అంటే బండి అడుగు చట్రం, దాని మీద చెక్కిన నంబరు తుప్పు కింద కనిపించకపోతే డీజిల్ గుడ్డతో, మెత్తని వైరు బ్రష్‌తో తుడువు. అక్కడ గ్రైండర్ పెట్టావంటే అంకెలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఎంత బాగు చేసినా ఆ బండి రోడ్డెక్కదు. రంగు మార్చినా ఆర్‌సీలో ఎక్కించాలి. పాత తెలుపే ఉంచు.

డబ్బు లక్షన్నర ఉందన్నావు. అందులో యాభై వేలు లేవనుకో. పాత బండిలో ప్రతి పనీ ఇంకో పనిని బయటపెడుతుంది, ఆ యాభై వేలు వాటికి. మిగిలిన లక్షలో మొదటి వాటా బ్రేకులు, స్టీరింగు, టైర్లది. తర్వాత ఇంజన్, ఆ తర్వాత రేకు పని. రంగు అన్నిటికన్నా చివర. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నిగనిగలాడే బండి, నొక్కితే నేలకు దిగిపోయే బ్రేకు పెడల్! అలాంటి దాన్ని నీ చేతికి ఇవ్వడానికి నా మనసు ఒప్పదు.

మొదటి రోజు ఏమీ విప్పవద్దు. ఒక చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్, టార్చిలైటు తీసుకుని బండి అంతా తట్టి చూడు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది చప్పగా పలుకుతుంది. మన అదృష్టం, ఆ బండి సముద్రపు గాలి ఎరగదు. భీమవరం వైపు చేపలూ రొయ్యలూ మోసిన బండ్లయితే ఉప్పునీళ్లు కారి కారి ఛాసిస్ పొరలు పొరలుగా ఊడిపోతుంది, అలాంటిది ఎంత చవకగా వచ్చినా నేను ముట్టుకోను. కానీ మామిడి సీజను అయిపోయాక మీ నాన్న ఎరువుల బస్తాలు వేసేవారు. యూరియా తేమ పీల్చి ఇనుమును తినేస్తుంది. కాబట్టి తొట్టి నేల, తొట్టి ఛాసిస్ మీద కూర్చునే చోట్లు బాగా పొడిచి చూడు. క్యాబిన్‌లో రబ్బరు మ్యాట్లు ఎత్తి చూడు, తలుపుల కింది అంచులో నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో పూడిపోయాయేమో చూడు. ఛాసిస్ పట్టీ మీద కమాను కట్టల బ్రాకెట్లు పట్టే చోట స్క్రూడ్రైవర్ లోపలికి దిగితే, అక్కడితో ఆపి నాకు ఫోను చెయ్యి. అది నువ్వు ఇంట్లో అతికే పని కాదు.

ఇక బ్రేకులు. బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్మకు, ఇటుకలను అసలే నమ్మకు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఇటుకల మీద నిలబెట్టిన వ్యాను ఒరిగి నా పక్కన పడుకున్న కుర్రవాడి చెయ్యి నలిగిపోయింది. అతను మళ్లీ పానా పట్టలేదు. నాలుగు ఇనుప స్టాండ్లు కొనుక్కో. ఈ పని మొత్తంలో బేరం ఆడకుండా కొనాల్సిన వస్తువు అదొక్కటే. చక్రం వెనక బ్రేకు డ్రమ్ము విప్పాక లోపలి దుమ్మును నోటితో ఊదకు, గాలి పైపుతో కొట్టకు. పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారెయ్యి. వీల్ సిలిండర్లు, మాస్టర్ సిలిండర్, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి వెయ్యి. ఇనుప పైపు తుప్పు పడితే రాగి పైపు చవకగా వంచి ఇస్తామంటారు, ఒప్పుకోకు. అదురుకు రాగి గట్టిపడి పగులుతుంది. బ్రేక్ ఆయిల్ కొత్త డబ్బా విప్పి వాడు. విప్పి నెలలపాటు ఉంచిన డబ్బాలో గాలిలోని తేమ చేరుతుంది. ఆ ఆయిల్ రంగు మీద పడితే రంగు ఊడుతుంది, అది కూడా గుర్తుపెట్టుకో.

టైర్ల మీద గీతలు నిండుగా ఉన్నాయని రాశావు. పక్కన నాలుగంకెలు చూడు. 2312 అని ఉంటే 2012వ సంవత్సరం ఇరవై మూడో వారంలో తయారైందని అర్థం. పదేళ్లు దాటిన రబ్బరు పైకి ఎంత బాగున్నా లోపల ఎండిపోయి ఉంటుంది. కొట్టంలో అటూ ఇటూ జరపడానికి వాడుకో, రోడ్డు మీదికి కొత్తవి కావాలి.

ఇంజన్ దగ్గర నీ ఆత్రం నాకు తెలుసు. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూడాలనిపిస్తుంది. వద్దు. ఏళ్ల తరబడి కదలని పిస్టన్ రింగులు గోడలకు అతుక్కుని ఉంటాయి. హీటర్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్యి. తర్వాత ముందు పుల్లీ బోల్టుకు పానా వేసి చేత్తో తిప్పు. నిండుగా రెండు చుట్లు తిరిగితే సగం భయం తీరినట్టే. తిరగకపోతే బలవంతం చేయకు, మళ్లీ ఆయిల్ పోసి వారం ఆగు. ఈలోగా ట్యాంకు దించి పాత డీజిల్, అడుగున చేరిన నీళ్లు పారబోసి కడిగించు. ఆ ట్యాంకుకు వెల్డింగు పెట్టే పని మాత్రం ఎవరు చెప్పినా నువ్వు చేయకు, ఖాళీ ట్యాంకులోని ఆవిరి పేలుతుంది. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లన్నీ మార్చు. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుకలు గూడు కట్టి ఉంటాయి, తప్పక చూడు. ప్లగ్గులు పెట్టే ముందే సెల్ఫ్‌తో కాసేపు తిప్పి, ఆయిల్ ప్రెషర్ లైటు ఆరిందని చూసుకున్నాక వాటిని బిగించు. డీజిల్ పంపు దగ్గర పైపుల్లో చేరిన గాలి తీసి అప్పుడు స్టార్ట్ చెయ్యి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు పక్కన ఒక మనిషిని, చేతిలో చెక్కపలకతో నిలబెట్టుకో. డీజిల్ ఇంజన్ అదుపు తప్పి రేగిపోతే తాళం తీసినా ఆగదు, గాలి వెళ్లే దారిని పలకతో మూస్తేనే ఆగుతుంది.

స్టార్టయ్యాక పొగ చూడు. నల్లగా వస్తే లోపం డీజిల్ చిమ్మే నాజిళ్లలోనో, పంపులోనో, ఎయిర్ ఫిల్టర్‌లోనో ఉన్నట్టు. నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గాస్కెట్ మీద అనుమానం పెట్టుకో. పొగ చూడగానే ఇంజన్ విప్పి సిలిండర్లు తొలిపించి బోరు చేయించాలనే మెకానిక్కులు ఉంటారు. ముందు నాజిళ్లు, పంపు సర్వీసు చేయించి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూపించు. నాలుగూ దగ్గర దగ్గరగా ఉంటే ఆ ఇంజన్‌ను విప్పవద్దు. చవకగా అయ్యే పని చేసి చూడకుండా ఖరీదైన పని ఎప్పుడూ మొదలుపెట్టకూడదు.

విడిభాగాలు దొరకవని నువ్వు దిగులు పడ్డావు. టాటామొబైల్ 206 వచ్చింది 1988లో. దాని 1,948 సీసీ డీజిల్ ఇంజనే 1991లో వచ్చిన టాటా సియెరాలో, తర్వాత ఎస్టేట్‌లో, 1994లో వచ్చిన సుమో మొదటి బండ్లలో ఉంది. కాబట్టి దుకాణంలో టాటామొబైల్ పేరు చెబితే తల అడ్డంగా ఊపేవాళ్లు, పాత సుమో అంటే లోపలి అరలోంచి తీసి ఇస్తారు. టాటా 207 డీఐ అనే తర్వాతి పికప్ సామాన్లు మాత్రం తీసుకోకు, అది మూడు లీటర్ల వేరే ఇంజన్. ఎప్పుడు వెళ్లినా పాత భాగం చేత్తో పట్టుకుని వెళ్లు. బేరింగులు, ఆయిల్ సీళ్ల మీద నంబరు చెక్కి ఉంటుంది. బండి పేరుతో పని లేకుండా ఆ నంబరు చెప్పి కొను, తక్కువకే వస్తుంది. తలుపులు, అద్దాలు, వెనక గేటు లాంటివి పాత సామాన్ల కొట్లలో తీసుకోవచ్చు. బ్రేకులకు, స్టీరింగుకు సంబంధించినవి ఒక్కటి కూడా పాతవి వద్దు.

రేకు పనికి తుప్పు తిన్న చోటును మెరిసే ఇనుము వచ్చేదాకా కోసేయించు. తుప్పు మీద లప్పం రాస్తే ఒక్క వానాకాలం దాటదు. క్యాబిన్‌కు 20 గేజి రేకు, తొట్టి నేలకు 16 గేజి సరిపోతుంది. వెల్డరు ఒకేసారి గీత లాగకుండా దూరం దూరంగా చుక్కలు పెట్టి అతకాలి, లేకపోతే వేడికి రేకు వంకర పోతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తీసెయ్యమని నువ్వే గుర్తుచెయ్యి. ఇనుము బయటపడిన రోజే తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ పూత పూయి. మన తేమకు రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. కొంతమంది ఛాసిస్‌కు మురికి ఇంజన్ ఆయిల్ పూయమంటారు, దాని మీద ఇక ఏ రంగూ నిలవదు.

వైరింగులో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులన్నీ తీసేసి సరైన క్లిప్పులు వెయ్యి. బ్యాటరీ దగ్గర ఒక కటాఫ్ స్విచ్ పెట్టించు. సీట్లు, లోపలి గుడ్డ ఇప్పుడు ఆలోచించాల్సిన పని కాదు.

రంగు వానాకాలంలో వేయకు, తేమకు తెల్లగా మసకబారుతుంది. కార్తీకం దాటాక, మంచు ఆరిన తర్వాత పొద్దున్నే మొదలుపెట్టు. ఛాసిస్‌కు బ్రష్‌తో వేసే ఎనామిల్ చాలు. పైభాగానికి పీయూ (పాలీయురిథేన్) రంగు కావాలనుకుంటే షాపులోనే వేయించు. ఆ తుంపర ఊపిరికి చాలా చెడ్డది, ముక్కుకు కట్టుకునే గుడ్డ దాన్ని ఆపదు. ఉప్పు కాగితం రుద్దే పని అంతా ఇంట్లో నువ్వే చేసి తీసుకెళ్తే కూలి చాలా తగ్గుతుంది.

విప్పే ప్రతి భాగాన్నీ ముందు ఫోటో తీయి. బోల్టులు వీలైతే వాటి రంధ్రంలోనే రెండు చుట్లు బిగించి ఉంచు, కాకపోతే కవరులో వేసి పేరు రాయి. ఒక నోటుబుక్కు పెట్టి రోజూ చేసిన పని, పెట్టిన ఖర్చు రాసుకో. మీ నాన్న కూడా ఆ బండికి ఒక పుస్తకం పెట్టారు. ఆయిల్ ఎప్పుడు మార్చింది, క్లచ్ ప్లేటు ఎప్పుడు వేసింది అన్నీ ఆయన దస్తూరీతో ఉండేవి. సీటు వెనక అరలో ఉండాలి, లేకపోతే మీ అమ్మనడుగు. అందులో చివరి పేజీ ఫోటో తీసి నాకు పంపు.

వచ్చే నెల రెండో ఆదివారం ఉదయం బస్సుకు వస్తాను. డ్రమ్ములు లాగే పుల్లర్ నా దగ్గర ఉంది, తెస్తాను. అప్పటికి స్టాండ్లు కొని ఉంచు, నాలుగు చక్రాల నట్లకూ రోజూ కాస్త నూనె పోస్తూ ఉండు.

మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు
మీ మావయ్య