నదీ మొగలో ప్లాంక్టన్‌ను గమనించే పరికరాన్ని ఎలా అమరుస్తారు?

ప్లాంక్టన్ అంటే నీటి వాలున తేలుతూ తిరిగే చిన్న చిన్న జీవులు. వాటిని చూడటానికి బకెట్‌తో నీళ్లు తోడి మైక్రోస్కోప్ కింద చూస్తే చాలదా, పరికరాన్ని నెలల తరబడి నీళ్లలోనే ఎందుకు ఉంచాలి అన్నది ప్రశ్న. చాలదు. మొగలో రోజంతా ఒకే నీరు ఉండదు. పోటు వస్తే సముద్రపు ఉప్పునీరు, దాంతోపాటే అక్కడి జీవులూ లోపలికొస్తాయి. ఆటు వేళ నది నీటిదే పైచేయి. పొద్దున తోడిన బకెట్ సాయంత్రం సంగతి చెప్పలేదు.

అందుకే ఇమేజింగ్ ఫ్లోసైటోబాట్ లాంటి పరికరాన్ని జెట్టీకి బిగిస్తారు. అది దాదాపు 20 నిమిషాలకోసారి 5 మిల్లీలీటర్ల నీటిని పీల్చి, సన్నని ధారగా లేజర్ ముందు నుంచి పంపిస్తుంది. పత్రహరితం ఉన్న కణం లేజర్ తగలగానే ఎర్రగా మెరుస్తుంది, ఆ మెరుపుకే కెమెరా క్లిక్‌మంటుంది. గొలుసులా అతుక్కున్న డయాటమ్‌లు అనే ఏకకణ ప్లాంక్టన్ జీవులలో ఒక్కో కణమూ విడిగా ఫొటోలో కనిపిస్తుంది. పక్కనే ఉప్పదనం, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు తప్పనిసరి. అవి లేకపోతే జీవులు పెరిగాయో, నీరే మారిందో తేలదు.

అసలు టెన్షన్ నాచుతోనూ ఒండ్రుతోనూ. నీళ్లు పీల్చే గొట్టం మూతికి సన్నని జాలీ కట్టాలి, లేకపోతే లోపలి ఇరుకు దారి మూసుకుపోతుంది. రాగి మీద జీవులు అంత తేలిగ్గా అతుక్కోవు కాబట్టి బయట రాగి జాలీ మేలు. అయినా తరచూ శుభ్రం చేయక తప్పదు. నా ఉద్దేశంలో ఈ చాకిరీకి మనిషిని ముందే కుదుర్చుకోకుండా పరికరం కొనకూడదు.

2008లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో, పోర్ట్ అరాన్సస్ దగ్గర ఇదే రకం పరికరం డైనోఫైసిస్ అనే విషకారక జీవి ఒక్కసారిగా పెరగడాన్ని పట్టుకుంది. ఆ విషం చేరిన ఆయిస్టర్లు (ఒక రకం ఆల్చిప్పలు) తింటే జబ్బు చేస్తుంది. ఎవరూ జబ్బుపడక ముందే అక్కడ వాటి సేకరణ ఆపేశారు.