ముందు డబ్బు కాదు, మనిషిని పంపండి

"మా ఊళ్లో ఒక కౌలు రైతుకు గుండె ఆపరేషన్ చేయాలట. చందాలు వేసుకుంటున్నాం, ఇంకేం చేయొచ్చు?" అని అడిగారు. చందాల సంగతి కాసేపు పక్కన పెట్టండి. ఆయన చేతిలో ముందే డబ్బు పెడితే అది నేరుగా బిల్లింగ్ కౌంటర్‌కే పోతుంది.

మా కాకకు పాలమూరు దగ్గర మూడెకరాల పత్తి చేను. గుండెకు పోయే మూడు రక్తనాళాలు మూసుకుపోయాయి, బైపాస్ చేయాలన్నారు. నేను హైదరాబాద్‌లో ఆస్పత్రికి పోయేసరికి, యూరియా బస్తాతో కుట్టిన చేతిసంచిలో రిపోర్టులు చుట్టి పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. భూమి పాస్‌బుక్ అప్పటికే సావుకారి దగ్గరుంది, నూటికి మూడు రూపాయల మిత్తి.

"ఆరోగ్యశ్రీ అడిగినవా కాకా?"

"అడిగిన బిడ్డా. కార్డు మీదైతే లేటయితదట, పైసలు కడితే రేపే చేస్తరట."

ఒళ్లు మండింది. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం మొదలైందే మా జిల్లాతో కలిపి మూడు జిల్లాల్లో! ఆస్పత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్ర బల్ల మెట్ల పక్కనే ఉంది. కాక రెండు రోజులుగా దాని ముందు నుంచే టీ తాగడానికి పోతున్నాడు. అక్కడ కూర్చుంటే తెలిసింది, రేషన్ కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు. తమ్ముడు మండలాఫీసుకు పరిగెత్తి కాగితం తెచ్చాడు. మూడో రోజు సాయంత్రం అనుమతి వచ్చింది. ఆపరేషన్‌కు కాక రూపాయి కట్టలేదు.

సర్కారు బకాయిలు పెడితే మేమేం చేస్తామంటాయి ఆస్పత్రులు. నిజమే, బకాయిల కోసం సేవలు ఆపేసిన రోజులూ చూశాం. ఆ కొట్లాటలో పత్తి రైతెందుకు నలగాలి? ఇక చెక్కు ఇస్తూ, మంచం మీది మనిషితో ఫొటో దిగే దాతల గురించి రాస్తే ఈ జవాబు తెగదు.

మీది తెలంగాణ అయితే 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. కౌలు రైతైనా ఫరవాలేదు, పట్టాతో పని లేదు, రేషన్ కార్డు చూస్తారు. ఆ జబ్బు పథకంలో లేకపోతే సీఎం సహాయనిధి ఉంది. హైదరాబాద్‌లోని నిమ్స్ లాంటి సర్కారు ఆస్పత్రి అయితే ఎస్టిమేట్ పెట్టి, ఖర్చు మేం కడతామని సర్కారు ఇచ్చే ఎల్‌ఓసీ కాగితం ఆపరేషన్‌కు ముందే అడగండి. ప్రైవేటులో అయితే బిల్లులు కట్టాకే ఆ సాయం వస్తుంది, కాబట్టి అసలు బిల్లులు పారేయొద్దు.

చందాలు వద్దని కాదు. మేం పోగుచేసిన నలభై వేలలో సగం పాస్‌బుక్ విడిపించడానికి పోయింది, మిగతాది పత్తి ఏరే కూలీలకు. ఆ సీజనంతా కాక చేలోకి దిగలేదు మరి.