శబ్దం ఆపి చూడమనకు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

బెల్లీ డాన్స్ నేర్చుకునేవారు ఏ వీడియోలు చూడాలో చెబుతూ నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. వయసులో చాలా చిన్నదానివి కనుక నువ్వు అనే రాస్తున్నాను. ఒక్క బిగిన చదువుదామని కూర్చున్నదాన్ని, నాలుగో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "అరబిక్ పాట అర్థం కాకపోయినా, సాగదీసినట్టు అనిపించినా శబ్దం తీసేసి చూడండి, కదలికలు కళ్లతో నేర్చుకునేవే కదా" అని రాశావు. మిగతా లోపాలను కాలక్రమాన నీ అంతట నువ్వే దిద్దుకోగలవు. ఈ వాక్యం మాత్రం అచ్చయితే, దాన్ని నమ్మి నేర్చుకోవడం మొదలుపెట్టేవాళ్లకు ఆ నాట్యం ఎప్పటికీ చేతికి చిక్కదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

బెల్లీ డాన్స్‌ను అరబిక్‌లో రక్స్ షర్కీ అంటారు. కైరోలో పెరిగిన ఆ నాట్యంలో నర్తకి ప్రధానంగా చేసే పని, తాను విన్నదాన్ని ఎదుటివాళ్లకు కనిపించేలా చేయడం. ఒళ్లో పెట్టుకుని వాయించే ఒంటి ముఖపు ఈజిప్టు తబ్లా దెబ్బ తుంటిలో పలుకుతుంది, వయొలిన్లు సాగదీసే స్వరం చేతుల్లోనూ ఛాతీలోనూ సాగుతుంది, ఖానూన్ తీగల మీద వేగంగా మీటే కంపనం ఒంట్లో షిమ్మీగా, అంటే సన్నని వేగమైన వణుకుగా కనిపిస్తుంది. శబ్దం తీసేస్తే నర్తకి దెబ్బ పడిన చోటే తుంటిని దించిందా, అర మాత్ర ముందు దించిందా, పాటతో నిమిత్తం లేకుండా బట్టీపట్టిన వరుసను అప్పజెప్పిందా అని తేల్చుకునే ఆధారమే పోతుంది. అప్పుడు మిగిలే కొలతలు దుస్తులు, దీపాలు, నడుము సన్నదనం. నీ పట్టికలోని మొదటి మూడు వీడియోలూ ఆ కొలతలతోనే ఎంపికయ్యాయని చదువుతుంటే తెలుస్తూనే ఉంది.

నువ్వు కూచిపూడి నేర్చుకున్నానని రాశావు. నట్టువాంగం, మృదంగం వినకుండా జతి నేర్చుకొమ్మని మీ గురువుగారు ఎన్నడైనా చెప్పారా? ఇక్కడా అంతే. తబ్లా మధ్యలో పడే గంభీరమైన దెబ్బ దుం, అంచున పడే పలుచని దెబ్బ తెక్. మక్సూమ్ ఎనిమిది మాత్రల తాళం: దుం తెక్, ఒక ఖాళీ, తెక్ దుం, ఒక ఖాళీ, తెక్, మళ్లీ ఖాళీ. సయీదీలో నడుమ రెండు దుంలు పక్కపక్కనే పడతాయి: దుం తెక్, ఖాళీ, దుం దుం, ఖాళీ, తెక్, ఖాళీ. బలదీలో ఆ జంట దుంలు మొదట్లోనే వచ్చేస్తాయి. మూడింటికీ మాత్రలు ఎనిమిదే అయినా బరువు పడే చోటు మారిపోతుంది, దానితోపాటు నర్తకి ఒళ్లు భూమిలోకి దిగే చోటూ మారుతుంది. నీ పట్టికలో ఐదవదైన చేతికర్ర నృత్యాన్ని "గంతుల్లోని చురుకుదనం" కోసం చూడమన్నావు. ఆ గంతులు ఎగువ ఈజిప్టు సయీదీ తాళంలోని జంట దుంలకు జవాబుగా పడుతున్నాయి. ఆ కర్ర వెనుక మగవాళ్ల తహ్తీబ్ కర్రసాము ఉంది. దాన్ని యునెస్కో 2016లో మానవాళి అమూర్త వారసత్వాల జాబితాలో చేర్చింది. ఇంత సంగతిని చురుకుదనం అన్న ఒక్క మాట మింగేసింది.

పాఠాల వీడియోలనూ ప్రదర్శనల వీడియోలనూ ఒకే పట్టికలో కలిపేశావు. వాటిని విడదీయి. పాఠానికి కావలసినవి తక్కువే: తల నుంచి పాదం వరకు మనిషి మొత్తం కనిపించాలి, ముందు నుంచీ వెనుక నుంచీ చూపించాలి, ఏ కండరం పనిచేస్తోందో, మోకాలు ఎలా ఉండాలో నోటితో చెప్పాలి, నెమ్మదిగా చేసినదాన్నే చివర సంగీతంతో చేసి చూపాలి. అరమండికి అలవాటుపడిన నీలాంటివాళ్లు పాదాలు చూపించే వీడియోలనే ఎంచుకోవాలి, ఎందుకంటే ఇక్కడ పాదాలు దాదాపు సమాంతరంగా, మోకాళ్లు కొద్దిగా సడలి ఉంటాయి. పాదాలను బయటికి తిప్పి కూర్చుంటే తుంటి పైకీ కిందికీ స్వేచ్ఛగా ఆడదు. పాఠాల గురించి ఇంతకన్నా చెప్పనక్కర లేదు.

ప్రదర్శన శైలిని అధ్యయనం చేయడానికి పాత ఈజిప్టు సినిమా తునకలతో మొదలుపెట్టమన్నావు. సలహా మంచిదే, కానీ అవి ఎటువంటివో చెప్పకుండా ఇచ్చావు. బదియా మసాబ్ని 1926లో కైరోలో తెరిచిన రంగశాలలో రాటుదేలిన నర్తకులు తహియా కరియోకా, సామియా గమాల్ 1940లలో, 50లలో సినిమాల్లో వెలిగారు. 1949లో వచ్చిన 'అఫ్రీతా హానిమ్'లో ఫరీద్ అల్ అత్రష్ సరసన సామియా చేసిన నృత్యాల్లో ఆమె వేదికంతా తేలుతూ తిరగడం, చేతులను విశాలంగా చాపడం గమనించవచ్చు. వెంటనే తహియా తునక ఒకటి పెట్టి చూస్తే, ఆమె నిలబడిన చోటు నుంచి పెద్దగా కదలకుండానే, తక్కువ చేసి ఎక్కువ పలికించడం తెలుస్తుంది. ఈ ఇద్దరినీ ఒకరి తర్వాత ఒకరిని చూడమని పాఠకులకు చెప్పు. అయితే సినిమాకు పాటను ముందే రికార్డు చేసుకుంటారు, నృత్యాన్ని ముక్కలుగా చిత్రించి అతుకుతారు, మనం తుంటిని చూడాలనుకున్న క్షణాన కెమెరా ముఖం మీదికి వెళ్లిపోతుంది. నర్తకీ వాద్యకారులూ ఒకరినొకరు వింటూ అప్పటికప్పుడు నిర్ణయించుకునే పని అందులో కనిపించదు.

ఆ పనిని చూడాలంటే కైరో హోటళ్లలో, పెళ్లిళ్లలో తీసిన పాత వీడియోలకు వెళ్లాలి. వాటిలో రంగులు వెలిసిపోయి ఉంటాయి, ఎవరిదో తల అడ్డం వస్తుంది, అయినా కెమెరా చాలాసేపు ఒకేచోట నిలబడుతుంది, వాద్యబృందం వెనుకే కనిపిస్తుంది. ఈజిప్టు గాయని ఉమ్ కుల్సుమ్ పాటల సంగీతానికి ఆడి పేరు తెచ్చుకున్న నర్తకి సుహైర్ జకీని అక్కడ చూడాలి. అబ్దుల్ వహాబ్ స్వరపరచగా ఉమ్ కుల్సుమ్ 1964లో పాడిన 'ఇంత ఉమ్రీ' కచేరీలో దాదాపు గంటసేపు సాగుతుంది. నర్తకుల కోసం వాయించేటప్పుడు దాన్ని కుదించుకుంటారు. అటువంటి పాటకు సుహైర్ జకీ ఒక్క కదలికనూ అదనంగా చేర్చకుండా, స్వరం ఎంత అడిగితే అంతే ఇస్తుంది. ఫీఫీ అబ్దు గలాబియా అనే పొడవాటి వదులు అంగీ వేసుకుని చేసే బలదీ నృత్యం దీనికి పూర్తిగా వేరు దారి, అది బరువుగా, ధీమాగా, ప్రేక్షకులతో మాట్లాడుతున్నట్టు సాగుతుంది. నీ పట్టికలో ఇటువంటి వీడియో ఒక్కటీ లేదు, "బొమ్మ నాణ్యత లేదు కనుక వదిలేశాను" అని కారణం కూడా రాశావు. నేర్చుకునేవాళ్లకు బొమ్మ నాణ్యత ఆఖరి కొలత కావాలి. కదలని కెమెరా, మొదటి నుంచి చివరి దాకా తెగని ప్రదర్శన, కంటికి కనిపించే వాద్యకారులు, ఈ మూడూ దొరికితే మసకబొమ్మే మంచి గురువు.

ఈ విషయంలో నా పట్టుదలకు కారణముంది. ఇంటర్నెట్ రాకముందు మా కోనసీమ ఊళ్లో ఈ నాట్యాన్ని చూసే దారి ఒక్కటే, కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి సెలవుల్లో వచ్చే మా పక్కింటి పిన్నిగారి వీడియో క్యాసెట్లు. పైన పేరు ఉండేది కాదు, లోపలిది ఎవరి పెళ్లో, ఏ ఊరో తెలిసేది కాదు, కాపీకి కాపీ తీసినవి కావడంతో ముఖాలు ఆనవాలు దొరికేవి కావు. స్పష్టంగా మిగిలింది శబ్దమే. అకార్డియన్ ఒక్కటే నెమ్మదిగా మొదలవుతుంది; నర్తకి దాదాపు నిలబడిన చోటే దానికి తుంటితో జవాబు చెబుతుంది; కాసేపటికి తబ్లా వచ్చి అకార్డియన్‌తో ప్రశ్నలూ జవాబులూ నడుపుతుంది; ఆ తర్వాత తాళం నిండుగా పరుగందుకుంటుంది. దాన్ని బలదీ తక్సీమ్ అంటారని తెలియకముందే ఆ వరుసను పదే పదే విని నోటుపుస్తకంలో రాసుకున్నాను. టేప్‌రికార్డర్ పట్టుకుని మా ఊరి మృదంగ విద్వాంసుల దగ్గరికి వెళ్తే, ఆయన కళ్లు మూసుకుని తొడ మీద వేసుకుంటూ ఎనిమిది మాత్రల ఆవర్తనాన్ని పట్టుకున్నారు, మధ్యలో పడే గంభీరమైన దెబ్బ ఏదో, అంచున పడే పలుచని దెబ్బ ఏదో విడదీసి రాయించారు. ఆయన ఆ నాట్యాన్ని ఒక్కసారీ చూడలేదు. అయినా నర్తకి ఎక్కడ ఆగుతుందో ఆయనే ముందుగా చెప్పారు, నేను ఇంటికి వచ్చి క్యాసెట్ వేసి చూస్తే ఆమె అక్కడే ఆగింది.

ఆ నోటుపుస్తకంలోంచి పుట్టిన నా తొలి వ్యాసాన్ని ఒక వారపత్రిక సంపాదకుడు తీసుకున్నాడు. తీసుకుని, "మన పాఠకులకు ఇవన్నీ ఎందుకమ్మా" అంటూ దుంలూ తెక్‌లూ ఉన్న పేరాలన్నీ కొట్టేసి, "మత్తెక్కించే నడుము హొయలు" అని శీర్షిక పెట్టి, నేను రాసిన నర్తకితో సంబంధం లేని ఎవరిదో ఫొటో వేశాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలని కూడా అనుకోను. పాఠకులకు తాళం అర్థం కాదని తేల్చేసే హక్కు ఆయనకు ఎవరిచ్చారు? ఆది తాళం ఇంటింటా తెలిసిన భాష మనది. ఇప్పటివాళ్లు మరో వరస పట్టారు: "పది ఉత్తమ వీడియోలు" కావాలంటారు, ఒక్కోదానికి రెండు వాక్యాలు చాలంటారు, వీలైతే అర నిమిషపు తునకలే ఇమ్మంటారు. ఆ తునకల్లో మిగిలేది తబ్లా సోలో ఆఖరి మెరుపులే. నర్తకి దాకా ఆ వేగం ఎలా వచ్చిందో, అంతకుముందు ఆమె ఎంతసేపు దాన్ని పట్టి ఉంచిందో కనిపించదు. నీ వ్యాసంలో 'మత్తు', 'కవ్వింపు', 'మెరుపుతీగ' కనిపించిన చోటల్లా ఎవరో నేర్పిన కలమే కనిపించింది. వాటిని కొట్టేసి, ఆ క్షణంలో ఆమె ఏ వాద్యాన్ని పట్టుకుందో రాయి.

శబ్దాన్ని నమ్మే ముందు అది అసలు శబ్దమేనా అని కూడా చూడాలి. పాత ప్రదర్శనలకు వేరే పాట అతికించిన వీడియోలు చాలా తిరుగుతున్నాయి. తబ్లా వాద్యకారుడి చెయ్యి కనిపించే చోట ఆపి, చెయ్యి పడినప్పుడే దెబ్బ వినిపిస్తోందా అని పరీక్షించు. నీ ఏడవ వీడియో ఈ పరీక్షలో నిలవదు. వెనుక కమానులు ఆగి ఉన్నా వయొలిన్లు మోగుతూనే ఉన్నాయి.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త పడాలి. "ఈజిప్టు పల్లె జానపదం" అని నువ్వు పెట్టినది రెదా బృందపు పద్ధతిలో వేదిక కోసం కూర్చిన నృత్యం. మహమూద్ రెదా 1959లో ఆ బృందాన్ని స్థాపించి, ఊళ్లలో చూసినదాని ఆధారంగా రంగస్థలానికి తగ్గట్టు కొత్తగా కూర్చాడు. అది గొప్ప పని, దాన్ని ఆ గౌరవంతోనే చెప్పాలి. లక్సర్ ప్రాంతంలో తరతరాలుగా నృత్యమే వృత్తిగా ఉన్న గవాజీ కుటుంబమైన బనాత్ మాజిన్ వీడియో పక్కన పెట్టి వింటే, వేదిక వెనుక పెద్ద ఆర్కెస్ట్రాకూ కమానుతో వాయించే పల్లె తీగవాద్యం రబాబాకూ ఉన్న దూరం చెవికే తెలుస్తుంది. తుర్కియే రోమా నృత్యపు తొమ్మిది మాత్రల నడకనూ, శాన్‌ఫ్రాన్సిస్కోలో 1987 నుంచి కెరొలీనా నెరిచియో తీర్చిదిద్దిన బృంద శైలినీ ఈజిప్టు శీర్షిక కింద కలపవద్దు. ఆ బృందంలో నర్తకులు ఒకరి సైగలు ఒకరు చూసి ఆడతారు, అక్కడ చూడవలసినవి వేరు.

మూడో పేజీ చివర, "పాట ఆగిన చోట ఆమె కూడా ఆగి, వయొలిన్ మళ్లీ అందుకునేదాకా భుజం కూడా కదపలేదు" అని రాశావు. వ్యాసమంతటిలో నాకు నచ్చినది ఇదే. ఇది విన్న మనిషి రాసిన వాక్యం. శబ్దం తీసేసి చూసి ఉంటే ఆమె వరుస మరచిపోయి నిలబడిందని అనుకునేదానివి. పదింటి పట్టిక వదిలేసి ఈ ఒక్క ప్రదర్శన చుట్టూ వ్యాసాన్ని తిరిగి కట్టు. ముందు బొమ్మ చూడకుండా రెండు మూడుసార్లు విను, వాద్యాలు వచ్చిపోయే చోట్లు గుర్తుపెట్టుకో, తర్వాత ఒకసారి తబ్లాను వింటూ తుంటిని మాత్రమే, మరోసారి వయొలిన్లను వింటూ చేతులను మాత్రమే చూడు. అప్పుడు రాయి. నీ పాఠకురాలికీ ఇదే క్రమం చెప్పు.

కలంపేరు గురించి, ఇంట్లోవాళ్ల అభ్యంతరాల గురించి, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించి అడిగావు. వాటి గురించి ఇప్పుడు రాయను, ముందు వ్యాసం కుదరనీ. తిరగరాసిన ప్రతితోపాటు ఆ వీడియోలో వయొలిన్ ఏ నిమిషంలో ఆగుతుందో, ఏ నిమిషంలో మళ్లీ అందుకుంటుందో కూడా రాసి పంపు. నేనూ విని చూస్తాను.

ఆశీస్సులతో