విడిగా ప్రీఆంప్ కొనాలా?

అమెరికా వచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాక, ఇంట్లో పాటలు బాగా వినాలన్న కోరికతో ఆడియో పరికరాలు కొనబోయే మన పిల్లలు తరచుగా అడిగే సందేహం ఇది. మంచి స్పీకర్లు, వాటిని నడిపే పవర్ ఆంప్ (ఆంప్లిఫయర్) ఎంచుకున్న తరువాత వాటికి ముందు ప్రీఆంప్ అనే మరో పెట్టె తప్పనిసరిగా ఉండాలా, అది లేకపోతే శబ్దం నాణ్యత పడిపోతుందా అని అడుగుతారు. ప్రీఆంప్ చేసే పని ప్రతి ఇంటికీ అవసరమే గాని, ఆ పని కోసం విడిగా ఒక పెట్టె కొనవలసిన అవసరం కొత్తగా వచ్చినవారిలో చాలా కొద్దిమందికే ఉంటుందని నా అభిప్రాయం.

ప్రీఆంప్ చేసే పనులు ప్రధానంగా మూడు. టీవీ, ఫోను, సీడీ వంటి వాటిలో దేనిని వినాలో ఎంచుకోవడం, శబ్దాన్ని హెచ్చించి తగ్గించడం, బలహీనంగా వచ్చే సంకేతాన్ని పవర్ ఆంప్‌కు సరిపడేంత పెంచడం. పేరును బట్టి మూడోదే ముఖ్యమని అందరూ అనుకుంటారు గాని, ఈనాటి పరికరాలలో దాని అవసరం దాదాపు తీరిపోయింది. సీడీ ప్లేయర్ల కాలం నుంచి పాటను అందించే సోర్స్ పరికరాలు గరిష్ఠంగా 2 వోల్టుల వరకు ఇవ్వడం మామూలైంది. నేటి డీఏసీలు (డిజిటల్ పాటను ఆంప్‌కు పనికివచ్చే సంకేతంగా మార్చేవి), స్ట్రీమర్లు (ఇంటర్నెట్ నుంచి పాటలు అందించేవి) కూడా చాలావరకు అంతే ఇస్తాయి. పవర్ ఆంప్ సాధారణంగా తనకు అందిన వోల్టేజిని 20 రెట్లకు పైగా పెంచుతుంది. 20 రెట్లనే తీసుకున్నా, 8 ఓమ్‌ల స్పీకరుకు 100 వాట్లు ఇవ్వాలంటే లోపలికి సుమారు 1.4 వోల్టులు అందితే చాలు. ఇక హాల్లో కూర్చుని మామూలుగా వినేటప్పుడు స్పీకర్లకు అందేది సగటున ఒక వాటు చుట్టుపక్కలే, దానికి 0.14 వోల్టు సరిపోతుంది. అంటే మన ఇళ్లలో ప్రీఆంప్ ఎక్కువ సమయం చేసేది పెంచడం కాదు, తగ్గించడమే.

ఈ లెక్క అర్థమైతే నిర్ణయం తేలిక. ఫోను నుంచి, టీవీ నుంచి మాత్రమే వినేవారు ప్రీఆంప్, పవర్ ఆంప్ ఒకే పెట్టెలో ఉండే ఇంటిగ్రేటెడ్ ఆంప్ కొనుక్కుంటే చాలు. టీవీని కలపదలచుకుంటే హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని ఆంప్‌కు పంపే కనెక్షన్) ఉన్నది చూసుకోండి, టీవీ రిమోటుతోనే శబ్దం తగ్గించుకోవచ్చు. మిగిలిన డబ్బు స్పీకర్ల మీద పెట్టండి. చెవికి స్పష్టంగా తెలిసే తేడా అక్కడే వస్తుంది. బాస్ (లోతైన శబ్దం) కోసం విడిగా పెట్టే సబ్ ఊఫర్ స్పీకరు విషయంలో మాత్రం తొందరపడవద్దు. ఇక్కడి అపార్టుమెంట్లు చాలావరకు చెక్క కట్టడాలు కాబట్టి బాస్ నేలగుండా కింది ఇంటివారికి చేరుతుంది, ఫిర్యాదు వెళ్లేది లీజు ఆఫీసుకు.

డీఏసీలోనే వాల్యూమ్ ఉంటే దానిని నేరుగా పవర్ ఆంప్‌కు కలపవచ్చునా అన్న ప్రశ్న కూడా వస్తుంది. కలపవచ్చు. డిజిటల్‌గా వాల్యూమ్ తగ్గిస్తే ప్రతి 6 డెసిబెల్స్‌కు ఒక బిట్ (శబ్దపు వివరాన్ని అంకెలలో కొలిచే ప్రమాణం) చొప్పున పోతుందన్నది నిజమే గాని, 16 బిట్ల రికార్డింగును 24 బిట్ల డీఏసీ మీద వింటున్నప్పుడు సుమారు 48 డెసిబెల్స్ తగ్గించేదాకా అసలు బిట్లకు ముప్పు రాదు. నేను ఎక్కువగా హెచ్చరించేది వేరొక ప్రమాదం గురించి. సాఫ్ట్‌వేర్ పొరపాటునో, రీస్టార్ట్ అయినప్పుడో వాల్యూమ్ ఒక్కసారిగా నూరు శాతానికి చేరితే ఆ 2 వోల్టులూ నేరుగా పవర్ ఆంప్‌కు వెళ్లి స్పీకర్లను కాల్చివేయగలవు. మధ్యలో చేతితో తిప్పే నాబ్ ఒకటి ఉండడమే క్షేమం.

గ్రామఫోను రికార్డుల సంగతి పూర్తిగా వేరు. ఊరినుంచి తాతగారి హెచ్‌ఎంవీ ఎల్పీలు తెచ్చుకున్నవారికి, ఇక్కడి పాత సామాన్ల దుకాణాలలో రికార్డులు ఏరుకునేవారికి ఒక ప్రీఆంప్ నిజంగానే కావాలి. దానిని ఫోనో ప్రీఆంప్ అంటారు. ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే భాగాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. మూవింగ్ మాగ్నెట్ రకం కార్ట్రిడ్జ్ ఇచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులు, మూవింగ్ కాయిల్ అయితే చాలావాటిలో అర మిల్లీవోల్టు కూడా ఉండదు. పైగా రికార్డు చెక్కేటప్పుడు బాస్ తగ్గించి, పై స్వరాలు హెచ్చించి చెక్కుతారు. వినేటప్పుడు దానికి సరిగ్గా తలకిందులుగా సరిదిద్దాలి. 1950ల నడుమ స్థిరపడిన ఆ పద్ధతినే ఆర్ఐఏఏ అంటారు. 1 కిలోహెర్ట్జ్‌తో పోల్చితే 20 హెర్ట్జ్ దగ్గర దాదాపు 20 డెసిబెల్స్ పెంచాలి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు అంతే తగ్గించాలి. అందుకే రికార్డు ప్లేయరును మామూలు లైన్ ఇన్‌పుట్‌కు (సీడీ వంటివాటిని కలిపే చోటుకు) కలిపితే పాట సన్నగా, బాస్ లేకుండా, కీచుగా వినిపిస్తుంది.

అయితే ఇది కూడా విడిగా కొనాలో లేదో ముందు చూసుకోవాలి. చాలా ఇంటిగ్రేటెడ్ ఆంప్‌ల వెనుక ఫోనో అని రాసిన ఇన్‌పుట్ ఉంటుంది, కొన్ని టర్న్‌టేబుళ్లలోనే (రికార్డు ప్లేయర్లలోనే) ఆ సర్క్యూట్ ఉంటుంది. రెండింటినీ ఒకేసారి వాడితే సంకేతం రెండుసార్లు పెరిగి పాట పగిలిపోతుంది, కాబట్టి టర్న్‌టేబుల్ మీది స్విచ్చిని లైన్ వైపు పెడితే ఆంప్‌లో మామూలు ఇన్‌పుట్‌కు, ఫోనో వైపు పెడితే ఫోనో ఇన్‌పుట్‌కు కలపాలి. ప్లేయరు నుంచి వచ్చే సన్నని గ్రౌండ్ తీగను ఆంప్ వెనుకనున్న మరకు బిగించండి; అది వదిలేస్తే హమ్ వస్తుంది. పాత 78 స్పీడు ప్లేట్లకు ఎల్పీ ముల్లు వాడకండి, వాటి గాడి వెడల్పు కాబట్టి 3 మిల్ (అంగుళంలో వెయ్యోవంతు ఒక మిల్) ముల్లు వేరే కొనాలి. ఆ లక్క ప్లేట్లను ఆల్కహాలు కలిసిన ద్రవంతో తుడిస్తే పాడవుతాయి.

చివరిగా, వీసా మీద వచ్చినవారు ఎన్నేళ్లు ఉంటారో చెప్పలేరు. ఇక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. 120కి మాత్రమే చేసిన ఆంప్‌ను హైదరాబాదులో నేరుగా ప్లగ్గులో పెడితే కాలిపోతుంది, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఇలాంటి పెట్టెలు రెండుంటే రెండింటికీ సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ మోయాలి. కొనేముందే వెనుక పలక మీద ఎన్ని వోల్టులని రాసి ఉందో చదవండి. వోల్టేజి మార్చుకునే స్విచ్చి ఉన్న ఆంప్ దొరికితే, కాస్త ధర ఎక్కువైనా అదే తీసుకోండి.