చెన్నై పెట్రోలుకి 1968 హెడ్లు సరిపోతాయా?

ప్రశ్న: మా దగ్గర 1974 షెవర్లే కమారో ఉంది. 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, లోపల ఎవరూ చెయ్యి పెట్టలేదు. హ్యూస్టన్‌లో ఉన్న మా బావకి 1968 నాటి 'డబుల్ హంప్' హెడ్ల జత (సిలిండర్ల మీద మూతల్లా కూర్చునే భాగాలు, చివర రెండు గూనుల గుర్తుంటుంది) దొరికిందట, పంపిస్తానంటున్నాడు. పుదుపేటలో మా మెకానిక్ "బోల్టులు కూర్చుంటే చాలు సార్, పవర్ అదే వస్తుంది" అంటున్నాడు. నిజంగా కూర్చుంటాయా? ఏదైనా పాడైతే ఇక్కడ విడిభాగాలు దొరకవు, అదీ నా టెన్షన్.
– ఒక పాఠకుడు, పెరంబూరు, చెన్నై

జవాబు: కూర్చుంటాయండీ. 1955లో మొదలైన ఈ షెవర్లే 'స్మాల్ బ్లాక్' వి8 ఇంజిన్ కుటుంబంలో హెడ్ బోల్టుల వరస దశాబ్దాలపాటు మారలేదు. 1987 నుంచి వచ్చిన ఇనుప హెడ్లకి ఇన్‌టేక్ మానిఫోల్డ్ మధ్య బోల్టుల కోణం, రాకర్ కవర్ బోల్టుల చోటు మారాయిగానీ మీ 1974 ఇంజిన్‌కి ఆ గొడవ లేదు. కాబట్టి మీ మెకానిక్ చెప్పింది అక్కడిదాకా కరెక్టే. ఆ తర్వాత పెట్రోలు సంగతి ఆయన చూసుకోలేదు, అసలు తంటా అంతా అక్కడే.

పవర్ ఎందుకు పెరుగుతుందో చూడండి. తక్కువ సీసం ఉన్న పెట్రోలుతో నడవాలని జనరల్ మోటార్స్ 1971 మోడళ్లకి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి, పెట్రోలు ఎన్ని రెట్లు నొక్కుకుంటాయనే లెక్క) తగ్గించేసింది. మీ 350కి దహన గది దాదాపు 76 సీసీ ఉంటుంది, డబుల్ హంప్ హెడ్లలో అది 64 సీసీ. గది చిన్నదైతే కంప్రెషన్, దాంతో పవర్ పెరుగుతాయి. ఒక్కో సిలిండర్ 717 సీసీ అనుకుని హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య పెట్టే మామూలు గాస్కెట్ మందంతో లెక్క కడితే, ఫ్లాట్ పిస్టన్లయితే 8.5 కంప్రెషన్ 9.5కి వెళుతుంది, పైన గుంట ఉన్న పిస్టన్లయితే 8 నుంచి 9కి. మీ పిస్టన్లు ఏవో పాత హెడ్ విప్పితేగానీ తెలియదు, కాబట్టి హెడ్లు తెప్పించకముందే విప్పి చూడమంటాను.

ఇప్పుడు మీ బావ "91 ఆక్టేన్ ప్రీమియం పోస్తే హాయిగా నడుస్తుంది" అంటాడు. ఆక్టేన్ అంటే పెట్రోలు నాకింగ్‌ని (సిలిండర్‌లో తనంతట తానే పేలడాన్ని) ఎంత ఆపగలదో చెప్పే అంకె. అమెరికా బంకులో కనిపించే 91 వేరు, మన 91 వేరు. వాళ్లు రెండు పద్ధతుల సగటు రాస్తారు, మనం రీసెర్చ్ ఆక్టేన్ ఒక్కటే చెబుతాం. వాళ్ల 91 అంటే మన లెక్కలో 95, 96 దగ్గర. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) రాకముందు, బీఎస్6 కాలుష్య ప్రమాణాల్లో మామూలు పెట్రోలుకి కనీసంగా పెట్టిన 91 వాళ్ల దగ్గర 87కి, అంటే వాళ్ల అతి మామూలు పెట్రోలుకి సమానం. మే నెలలో మౌంట్ రోడ్డు సిగ్నల్ దగ్గర రేడియేటర్ కాగిపోతూ నిలబడ్డ 9.5 ఇనుప హెడ్ ఇంజిన్‌కి ఆ పెట్రోలు పోసి యాక్సిలరేటర్ తొక్కితే నాకింగ్ మొదలవుతుంది. టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం) వెనక్కి జరిపితే ఆగుతుంది, దాంతోపాటు మీరు డబ్బు పెట్టి తెచ్చుకున్న పవర్ కూడా ఆగుతుంది. గుంట పిస్టన్లతో 9 దగ్గర ఉంటే నేను ధైర్యంగా వేయించేస్తాను. 9.5 అయితే ఎప్పుడూ 95 ఆక్టేన్ పోసే ఓపిక ఉండాలి. ఎలాగూ ఈ20 కూడా వచ్చేసింది కదా, కార్బురేటర్ జెట్లు చూపించి, పాత రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం మార్పించండి, అవి ఇథనాల్‌కి తట్టుకోవు.

ఇంకోటి వాల్వు సీట్లు. 1968 హెడ్లు సీసం ఉన్న పెట్రోలు కోసం పోసినవి. సీసం లేకపోతే ఎగ్జాస్ట్ సీటు మెల్లగా అరిగి, వాల్వు లోపలికి దిగిపోతుంది. వారానికోసారి బీచ్ రోడ్డు దాకా తిప్పే బండికి ఇది వెంటనే కనపడదు, కానీ హెడ్లు లేత్ షాపుకి ఎలాగూ వెళ్తాయి కాబట్టి గట్టి ఇన్సర్ట్ సీట్లు (విడిగా దిగ్గొట్టే లోహపు రింగులు) కొట్టించెయ్యండి. దానికంటే ముందు బీటల టెస్టు, ప్రెజర్ టెస్టు తప్పనిసరి. యాభై ఏళ్లు దాటిన ఇనుము, వీలైతే మీ బావ అక్కడే చేయించి పంపాలి, ఒక్కో హెడ్ 20 కిలోల బరువు, బీటలున్న దానికి షిప్పింగు, కస్టమ్స్ కట్టడం ఎందుకు?

చిన్న చిన్న చికాకులూ ఉన్నాయి. 1969కి ముందు హెడ్ల చివర్లలో ఆల్టర్నేటర్ బ్రాకెట్ బిగించే రంధ్రాలు ఉండవు, మీ 1974 బ్రాకెట్లు వాటికే బిగుస్తాయి. 186 అనే కాస్టింగ్ నంబరు (హెడ్ మీద పోతలోనే వచ్చే అంకె) ఉన్నవి దొరికితే రంధ్రాలుంటాయి, లేకపోతే బ్రాకెట్ చేయించాలి. ప్లగ్గులు కూడా వేరు: పాత వాటికి వాషర్ ఉన్న రకం, మీవి ఏటవాలు సీటు రకం, అటూ ఇటూ మార్చి పెట్టకండి. హెడ్ బోల్టులు నీళ్ల జాకెట్‌లోకి దిగుతాయి, మరలకి సీలెంట్ రాసి 65 ఫుట్-పౌండ్లు బిగించాలి. బోల్టుకి ఆయిల్ రాసి వదిలేస్తే నీళ్లు మరల వెంట పైకి కారతాయి.

బ్లాక్ పైభాగం మిల్లింగ్ (చెక్కి చదును) చేద్దామని ఎవరైనా అంటే మాత్రం ఆగండి. ఇంజిన్ నంబరు కుడి హెడ్‌కి ముందున్న బ్లాక్ అంచుమీదే కొట్టి ఉంటుంది, మిల్లింగ్‌లో చెరిగిపోతే ఆర్టీవో దగ్గర మీరే తిరగాలి. పాత హెడ్లు తుక్కుకి వెయ్యకుండా దాచుకోండి, వింటేజ్ రిజిస్ట్రేషన్ అడిగితే ఒరిజినల్‌గా ఉండటం ముఖ్యం.

నా మాటేమిటంటే, ఇన్సర్టులు, వాల్వులు, షిప్పింగు అన్నీ కలిపాక కొత్త అల్యూమినియం హెడ్ల ధరతో పోల్చి చూడండి. అల్యూమినియం వేడిని త్వరగా వదులుతుంది, అదే కంప్రెషన్‌లో నాకింగ్ తక్కువ. పాత ఇనుపవే కావాలంటే అది ముచ్చట, తప్పేం లేదు.

ప్రశ్న: నా స్నేహితుడి దగ్గర అదే కుటుంబంలో 400 బ్లాక్ ఉంది. దానికీ ఇవే వేస్తే?
– మరో పాఠకుడు, అంబత్తూరు

జవాబు: నేరుగా వద్దు. 400లో సిలిండర్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మధ్యలో నీళ్లు పారే దారి లేదు. అక్కడ పుట్టే ఆవిరి పోవడానికి బ్లాక్‌లో, హెడ్‌లో సన్న రంధ్రాలుంటాయి. 350 హెడ్లలో అవి ఉండవు, అలాగే వేస్తే ఆవిరి చిక్కుకుని ఇంజిన్ కాగిపోతుంది. 400 గాస్కెట్‌ని హెడ్ మీద నమూనాగా పెట్టి 1/8 అంగుళం రంధ్రాలు వేయించాలి. కొన్ని ఏటవాలుగా వెళ్లాలి కాబట్టి చేతి డ్రిల్లుతో వద్దు, మంచి లేత్ షాపుకే ఇవ్వండి.